జాజ్ మనిషి చేతిలో రాక్ దరువు: ఎర్ల్ పామర్ లెక్క ఏంటి?

1964 జనవరి 30, హాలీవుడ్‌లో ఆర్‌సీఏ స్టూడియో. సోల్ గాయకుడు శామ్ కుక్ "ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్" పాట రికార్డు చేయడానికి వచ్చాడు. రెనే హాల్ రాసిన అరేంజ్‌మెంట్ మామూలుగా లేదు, వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్, టింపనీ, సినిమా నేపథ్య సంగీతానికి పిలిచినట్టు ఇంత ఆర్కెస్ట్రా. ఆ రోజు డ్రమ్స్ వాయించాల్సినవాడు చేతగానివాడేం కాదు, న్యూ ఓర్లీన్స్‌లో పేరున్నవాడే, కానీ ఆ హంగామా చూసి టెన్షన్ పడి కంట్రోల్ రూమ్‌లోంచి బయటికి రానన్నాడట. పక్క స్టూడియోలో వేరే పని మీద ఎర్ల్ పామర్ అనే ఇంకో డ్రమ్మర్ ఉన్నాడు. వెళ్ళి పిలుచుకొచ్చారు. వచ్చి కూర్చున్నాడు, కాగితం చూశాడు, వాయించాడు. ఇవాళ మనం వినే ఆ పాటలో ఉన్నది ఆ డ్రమ్సే.

ఒకసారి ఆ పాట విని, వెంటనే లిటిల్ రిచర్డ్ "టూటీ ఫ్రూటీ" పెట్టుకోండి. తర్వాత ఫ్యాట్స్ డామినో "ఐయామ్ వాకిన్", రిచీ వాలెన్స్ "లా బాంబా", రైటియస్ బ్రదర్స్ "యూవ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్". ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. అన్నిటి వెనకా కూర్చున్నది మాత్రం ఒక్కడే. (పేరు పామర్ అయినా, మనిషి పామరుడు కాదని ఈపాటికి అర్థమై ఉంటుంది.) చిత్రం ఏంటంటే, రాక్ అండ్ రోల్ దరువుకు మూలపురుషుడని లోకం చెప్పుకునే ఈయన జీవితాంతం తనని తాను జాజ్ డ్రమ్మర్‌గానే లెక్కేసుకున్నాడు. రాక్ అండ్ రోల్ ఆయనకి పని, జాజ్ ఇష్టం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో చూద్దాం, ఎందుకంటే "వెర్సటైల్" అనే మాటని మనం అందరికీ పంచేస్తుంటాం గానీ అందులో ఉన్న పని ఏంటో ఎవరూ విప్పి చెప్పరు.

పామర్ పుట్టింది 1924 అక్టోబర్ 25న, న్యూ ఓర్లీన్స్‌లో ట్రెమే అనే నల్లవాళ్ళ పేటలో. తల్లీ పిన్నీ వాడవిల్ (ఆటాపాటా హాస్యం కలిపిన ప్రదర్శనలు) స్టేజీ మీద డాన్సర్లు. పిల్లాడికి అయిదేళ్ళు వచ్చేసరికి వాడూ స్టేజీ ఎక్కాడు, ట్యాప్ డాన్స్ చేస్తూ. బూటు అడుగున ఇనప రేకు, చెక్క నేల, అంతే వాద్యం. బ్లూస్ గాయని ఐడా కాక్స్ బృందంతో ఊళ్ళు తిరిగాడు. డ్రమ్స్ పుల్లలు పట్టుకోవడం ఆ తర్వాతి సంగతి. అంటే లయ ఆయనకి మొదట చేతుల్లోకి రాలేదు, కాళ్ళలోకి వచ్చింది. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకి ఈ తేడా చెప్పక్కర్లేదు, అడుగు వెంట్రుకవాసి ఆలస్యమైతే గురువుకంటే ముందు గజ్జె పట్టేస్తుంది. డాన్సర్‌గా పెరిగినవాడు డ్రమ్స్ దగ్గర కూర్చుంటే, దెబ్బ పడటం ఒక్కటే కాదు, ఆ దెబ్బకి ఎదుటివాడి నడుము ఎలా కదులుతుందో కూడా వాడికి ముందే తెలుసు.

రెండో బడి వీధి. న్యూ ఓర్లీన్స్‌లో శవయాత్రకి బ్రాస్ బ్యాండ్ వెళ్తుంది. పోయేటప్పుడు నెమ్మదిగా, ఏడుపుగా వాయిస్తారు, శ్మశానం నుంచి తిరిగొచ్చేటప్పుడు హుషారుగా అందుకుంటారు. బ్యాండు వెనకాల గొడుగులు, రుమాళ్ళు ఊపుకుంటూ ఆడే జనాన్ని "సెకండ్ లైన్" అంటారు, ఆ దరువుకీ అదే పేరు. మన ఊళ్ళలో కూడా చావుకి డప్పు కొడతారు, పెళ్ళికీ కొడతారు, మనిషి అదే, డప్పు అదే, దరువు మారుతుంది. అందుకే ఈ సంగతి మనకి కొత్తగా అనిపించదు. ఆ ఊరేగింపుల్లో పెద్ద డ్రమ్ము ఒకడు, చిన్న డ్రమ్ము ఇంకొకడు వాయిస్తారు. ఆ ఇద్దరి మధ్యా నడిచే మాటామంతీని ఒక్కడే కూర్చుని రెండు చేతులు, రెండు కాళ్ళతో పలికిస్తే ఎలా ఉంటుందో పామర్ వాయింపు అలా ఉంటుంది. 1957లో వచ్చిన "ఐయామ్ వాకిన్" మొదటి కొన్ని సెకన్లు వినండి చాలు, రికార్డింగ్ గదిలోకి ఊరేగింపు నడిచొచ్చినట్టు ఉంటుంది.

మూడో బడి నిజంగా బడే. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో యూరప్ వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక మాజీ సైనికుల చదువుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో న్యూ ఓర్లీన్స్‌లోని గ్రునెవాల్డ్ సంగీత పాఠశాలలో చేరి నొటేషన్ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఈ ముక్కని జీవితచరిత్రల్లో ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నా లెక్కలో ఆయన కెరీర్‌లో సగం ఇక్కడే ఉంది. మొదట్లో చెప్పిన శామ్ కుక్ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి, పక్క గదిలోంచి లేచొచ్చి, చూడని కాగితం చూసి, అంత ఆర్కెస్ట్రా మధ్య తప్పు లేకుండా వాయించడం వీధిలో నేర్చుకునే విద్య కాదు.

ఇక అసలు చిక్కుముడి, దరువు.

1947లో పామర్ న్యూ ఓర్లీన్స్‌లోనే డేవ్ బార్తలోమ్యూ అనే ట్రంపెట్ వాద్యకారుడి బ్యాండులో చేరాడు. పగలు స్టూడియోలో పాటలు, రాత్రి డాన్స్ హాళ్ళు, అవన్నీ అయ్యాక తెల్లారేదాకా రెడ్ టైలర్ లాంటి స్నేహితులతో బీబాప్ అనే జోరు జాజ్. 1949 డిసెంబర్ 10న కోసిమో మటాసా స్టూడియోలో ఫ్యాట్స్ డామినో మొదటి రికార్డు "ది ఫ్యాట్ మ్యాన్" చేశారు. నాలుగు లెక్కపెట్టండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మన భజనల్లో చప్పట్లు మామూలుగా ఒకటి మీద బలంగా పడతాయి. రెండు మీదా నాలుగు మీదా బలంగా కొడితే దాన్ని బ్యాక్‌బీట్ అంటారు. పాత న్యూ ఓర్లీన్స్ జాజ్‌లో ఇది ఉండేది గానీ పాటంతా ఉండేది కాదు. చివరి చుట్టులో, అందరూ ఒకేసారి రెచ్చిపోయి వాయించే చోట మాత్రం డ్రమ్మర్ రెండూ నాలుగూ మీద మోదేవాడు. ఈ పాటకి ఆ ఊపు మొదట్నుంచీ కావాలనిపించి, చివర్లో కొట్టేదాన్ని మొదటి నుంచి చివరిదాకా కొట్టేశానని పామర్ తర్వాత చెప్పుకున్నాడు. భోజనం చివర వడ్డించే పాయసాన్ని మొదటి ముద్ద నుంచీ కలుపుకున్నట్టు. జాజ్ వాళ్ళ లెక్కలో అది నాజూకైన పని కాదు. పాట కోరింది గనక చేశాడు.

రెండో మెలిక కొంచెం సూక్ష్మం. స్టీలు పళ్ళెం, చెంచా తెచ్చుకోండి, చదివితే అర్థం కాదు. కాలితో నెమ్మదిగా, సమంగా తాళం వేస్తూ ఉండండి. ఒక్కో అడుగులో "త-కి-ట" అనుకోండి, ఒక దెబ్బని మూడు ముక్కలు చేసినట్టు. మృదంగం వాళ్ళు తిశ్ర గతి అనేది ఇదే. ఇప్పుడు మధ్యలో "కి" నోట్లోనే మింగేసి, "త"కీ "ట"కీ మాత్రం పళ్ళెం మీద కొట్టండి: త..ట, త..ట, త..ట. గుర్రం దుముకుతూ నడిచినట్టు ఒక కుంటి నడక వస్తుంది. అదే షఫుల్. జాజ్ స్వింగ్‌కి, పాత బ్లూస్‌కి ప్రాణం ఆ కుంటి నడకే. ఇప్పుడు అదే అడుగుకి "త-క, త-క" అని సరిగ్గా రెండు ముక్కలు చేసి కొట్టండి. కుంటడం పోయింది, రైలు పట్టాల మీద పోతున్నట్టు తిన్నగా ఉంది. దీన్ని స్ట్రెయిట్ ఎయిత్స్ అంటారు. 1950లకి ముందు అమెరికా డాన్స్ పాటల్లో ఎక్కువ భాగం మొదటి రకం, 1960ల నుంచి మనం రాక్ అనేదాంట్లో ఎక్కువ భాగం రెండో రకం. మధ్యలో వంతెన ఎవరు కట్టారన్నదే ప్రశ్న.

1955 సెప్టెంబర్ 14న అదే మటాసా స్టూడియోలో లిటిల్ రిచర్డ్ పాటలు రికార్డు చేస్తున్నారు. నార్త్ ర్యాంపార్ట్ వీధిలో ఒక రికార్డుల కొట్టు వెనకాల చిన్న గది అది. ఈ రోజుల్లోలాగా ఒక్కో వాద్యం విడిగా పట్టుకుని తర్వాత కలపడాలు లేవు, ఉన్నవి కొద్ది మైకులు, డ్రమ్స్ ఎక్కువైతే పాట వినపడదు, అంటే మిక్సింగ్ అంతా వాయించేవాడి మణికట్టులోనే ఉంది. ఆ రోజు పాటలేవీ కిక్కు ఇవ్వట్లేదు. మధ్యాహ్నం డ్యూ డ్రాప్ ఇన్ అనే చోటికి వెళ్తే అక్కడ రిచర్డ్ పియానో మీద పడి ఒక బూతు పాట అందుకున్నాడు, ప్రొడ్యూసర్ బంప్స్ బ్లాక్‌వెల్‌కి వెలిగింది, డొరతీ లబోస్ట్రీ అనే రచయిత్రితో గబగబా మాటలు మార్పించాడు. సెషన్‌కి మిగిలింది పదిహేను నిమిషాలని చెప్తారు. మిగతా పాటలకి పియానో వాయించిన మనిషికి ఇది నేర్పించే టైమ్ లేదు, కాబట్టి రిచర్డే స్వయంగా పియానో దగ్గర కూర్చున్నాడు.

ఈ చిన్న సంగతి వల్లే కథ మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది. రిచర్డ్ కుడిచెయ్యి కుంటదు. తిన్నగా, ఒకే బలంతో, సుత్తితో మేకులు కొట్టినట్టు "త-క త-క" అంటూ పోతుంది. వెనకాల ఉన్నవాళ్ళంతా షఫుల్ మనుషులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "టూటీ ఫ్రూటీ" వినండి, పియానో ఒక నడక, డ్రమ్స్ కొంచెం వేరే నడక, రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటే ఆ రాపిడిలోంచి వేడి పుడుతుంది. ఆ తర్వాత "లూసిల్" దగ్గరికి వచ్చేసరికి పామర్ దాదాపు పూర్తిగా రిచర్డ్ వైపు వచ్చేశాడు. తర్వాత్తర్వాత ఆయన ఇచ్చిన వివరణ కూడా ఇదే: రాక్ బీట్ అని జనం అనేది తాను మొదలుపెట్టింది రిచర్డ్ కుడిచేతికి జోడీ కుదర్చడానికే, అంతకుముందు తాను వాయించినవన్నీ షఫుల్‌లో, నెమ్మది పాటలైతే "త-కి-ట" మూళ్ళలో. సిద్ధాంతం లేదు, విప్లవం లేదు, ఎదుటివాడి చెయ్యి విని సర్దుకోవడం.

అయితే పూర్తిగా తిన్నగా అయిపోలేదు. అదే అందం. ఆ రోజుల్లోని చాలా పాటల్లో ఆయన దెబ్బ మూడుకీ రెండుకీ మధ్య ఎక్కడో పడుతుంది, కాగితం మీద రాయడానికి గుర్తు లేని చోట. హైదరాబాద్‌లో తీన్మార్ విన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. తీన్మార్‌ని నొటేషన్‌లో రాసి, చదువుకున్న డ్రమ్మర్‌కి ఇచ్చి వాయించమనండి, లెక్క సరిగ్గానే ఉంటుంది, ఒక్క కాలూ లేవదు.

మరి రాక్ దరువుని పామర్ కనిపెట్టాడనొచ్చా? అంత సూటిగా అనకూడదు. బ్యాక్‌బీట్ చప్పట్లు నల్లవాళ్ళ చర్చిల్లో అంతకుముందే ఉన్నాయి, జంప్ బ్లూస్ రికార్డుల్లో ఉన్నాయి. షికాగోలో చక్ బెర్రీ గిటార్ తిన్నగా పోతుంటే వెనకాల ఫ్రెడ్ బిలో డ్రమ్స్ ఇంకా స్వింగ్‌లోనే ఊగుతుండటం "జానీ బి. గుడ్"లో స్పష్టంగా వినపడుతుంది, అంటే ఇదే సమస్య వేరే ఊళ్ళో వేరేవాళ్ళకీ ఎదురైంది. కానీ అప్పటి హిట్ రికార్డుల్లో ఈ రెండు మార్పులకీ ఒకే మనిషి దగ్గరగా ఉండటం, అదీ ఒకే స్టూడియోలో ఆరేళ్ళ తేడాతో, పామర్ విషయంలోనే కనిపిస్తుంది. నేనైతే "కనిపెట్టాడు" అనను, "కుదిర్చాడు" అంటాను.

1957లో ఆయన లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చాడు. డబ్బు, అవకాశాలు ఒక కారణం. ఇంకో కారణం, ఆయన ప్రేమించిన మనిషి తెల్లామె, లూసియానాలో అలాంటి పెళ్ళి చట్టవిరుద్ధం. అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో నల్ల, తెల్ల సంగీతకారుల యూనియన్లు రెండూ కలిసి నాలుగేళ్ళయింది. 1953 దాకా నల్లవాళ్ళది లోకల్ 767, తెల్లవాళ్ళది లోకల్ 47, సినిమా, రేడియో ఉద్యోగాలన్నీ ఆ రెండోవాళ్ళ చేతిలోనే. కలిశాక కూడా తలుపులు పూర్తిగా తెరుచుకోలేదనుకోండి, కానీ చదవగలిగిన, టైముకి వచ్చే, ఏదిస్తే అది వాయించగలిగిన నల్ల డ్రమ్మర్‌ని వద్దనడానికి వాళ్ళ దగ్గర సాకులు తగ్గిపోయాయి.

స్టూడియో డ్రమ్మర్ రోజు ఎలా ఉంటుందంటే, మూడు గంటలు ఒక సెషన్, యూనియన్ రేటు, అయిపోగానే సామాను సర్దుకుని ఇంకో స్టూడియోకి. పొద్దున ఏదో సబ్బు ప్రకటన, మధ్యాహ్నం కార్టూన్‌కో సినిమాకో నేపథ్యం, సాయంత్రం పదిహేడేళ్ళ కుర్రాడి మొదటి పాట, రాత్రి ఇంకెవరిదో వయొలిన్ల ఆల్బమ్. పాట కోటి కాపీలు అమ్ముడైనా డ్రమ్మర్‌కి దక్కేది ఆ మూడు గంటల కూలీయే. అక్కడ గొప్పగా వాయించేవాడు కాదు, రెండో టేక్‌లోనే పని పూర్తి చేసేవాడు కావాలి. "లా బాంబా"లో లాటిన్ నడక కావాలి, కానీ డాన్స్ హాల్లో కుర్రకారుకి అందేంత తిన్నగా. గోల్డ్ స్టార్ స్టూడియోలో ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్‌కి చేసిన "లవిన్ ఫీలిన్"లో చాలాసేపు దాదాపు ఏమీ చేయకూడదు, గదిలో ప్రతిధ్వనే సగం వాయించేస్తుంది, డ్రమ్మర్ దానికి చోటు వదలాలి. వెర్సటైల్ అంటే వంద రకాలు తెలిసి ఉండటం అనుకుంటాం. పామర్ రికార్డులు వరసగా విన్నాక నాకు తెలిసింది వేరు. ఆ మనిషికి తెలిసిన ముఖ్యమైన విషయం ఒకటే, ఈ పాట ఎంత కుంటాలి, ఎంత తిన్నగా నడవాలి, ఎంత ఊరుకోవాలి అన్నది మొదటిసారి వినగానే పట్టుకోవడం. శామ్ కుక్ పాటలో ఆ నెమ్మది నడకని మూళ్ళలో మోసుకుంటూ పోయినవాడూ, రిచర్డ్ వెనక మేకులు కొట్టినవాడూ ఒకే చెవితో వాయించారు.

రాక్‌ని ఆయన చిన్నచూపు చూశాడన్నది కూడా దాచక్కర్లేదు. బీబాప్ వాయించే కుర్రాళ్ళకి అది తేలిక పని, కిరాణా ఖర్చు. నాకు మాత్రం ఆ చిన్నచూపే మేలు చేసిందేమో అనిపిస్తుంది. జాజ్‌లో తన తెలివి చూపించుకోవాలనే దురద తీరిపోయేది, కాబట్టి "లూసిల్" మధ్యలో గొప్పలకి పోలేదు. ప్రేమించినవాడైతే పాటని అలంకరించేవాడు, పాడుచేసేవాడు.

ఇంకో ముడి, ఏ పాట ఎవరిది? హల్ బ్లేన్ అనే ఇంకో డ్రమ్మర్, పామర్, ఇంకొందరు కలిసిన ఆ లాస్ ఏంజెలెస్ ముఠాని తర్వాత "రెకింగ్ క్రూ" అన్నారు. రికార్డు అట్టల మీద వీళ్ళ పేర్లు ఉండేవి కావు, చాలాసార్లు అట్ట మీద ఫొటో ఒక బ్యాండుది, లోపల వాయించింది వీళ్ళు. ముప్పై నలభై ఏళ్ళ తర్వాత అడిగితే రోజుకి మూడు సెషన్లు చేసినవాడికి ఏది గుర్తుంటుంది? ఒకే పాటని ఇద్దరు ముగ్గురు నాదంటే నాదన్న సందర్భాలు ఉన్నాయి, అబద్ధం ఆడాలని కాదు. ఇప్పుడు పరిశోధకులు నమ్మేది యూనియన్‌కి పంపిన సెషన్ కాంట్రాక్టు కాగితాలని, ఎందుకంటే అందులో పేరు లేకపోతే డబ్బు రాదు. జ్ఞాపకం కంటే జీతం పట్టీ నయం. మన దగ్గర అదీ కష్టమే. పాత తెలుగు సినిమా పాటల రికార్డు అట్ట తిప్పి చూడండి, సంగీత దర్శకుడు, గాయకులు, కవి ఉంటారు. మద్రాసు స్టూడియోలో ఆ డోలక్ వాయించిందెవరో, తబలా ఎవరిదో వెతకండి. మనం ఇరవై ఏళ్ళుగా వేళ్ళతో బల్ల మీద కొడుతున్న దరువు ఎవరి చేతిదో మనకి తెలీదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1968లో సంగీతకర్త డేవిడ్ యాక్సెల్‌రాడ్ "సాంగ్ ఆఫ్ ఇన్నొసెన్స్" ఆల్బమ్‌లో ఆయన వాయించిన డ్రమ్స్ మాత్రం ఆగి వినాల్సినవి, బరువుగా, నిదానంగా, మధ్యలో బోలెడంత ఖాళీతో ఉంటాయి. పాతికేళ్ళ తర్వాత హిప్‌హాప్ వాళ్ళు యాక్సెల్‌రాడ్ రికార్డుల కోసం పాత కొట్లు గాలించి మరీ తమ పాటల్లోకి ముక్కలు కోసుకున్నారు. 1980లో లిన్ ఎల్‌ఎమ్-1 డ్రమ్ మెషీన్ వచ్చింది, నిజమైన డ్రమ్స్ శబ్దాలనే చిప్‌లో పెట్టి అమ్మారు, ఆ దశాబ్దంలో స్టూడియో డ్రమ్మర్ల కూలీలో కొంత దానికే పోయింది. 1982లో పామర్ లోకల్ 47కి కోశాధికారిగా ఎన్నికయ్యాడు, అంటే ఒకప్పుడు నల్లవాళ్ళని రానివ్వని యూనియన్ ఖజానా తాళాలు ఆయన చేతికొచ్చాయి. పెద్దవయసులో లాస్ ఏంజెలెస్‌లో జాజ్ ట్రయోతో వాయించుకున్నాడు, ఎట్టకేలకి తనకిష్టమైంది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యం వాళ్ళ కోసం కొత్త విభాగం తెరిచినప్పుడు హల్ బ్లేన్, బాస్ గిటార్ వాయించే జేమ్స్ జేమర్సన్‌లతో పాటు తొలి విడతలోనే ఆయన్నీ చేర్చుకున్నారు. 2008 సెప్టెంబర్ 19న పోయాడు.

1996లో క్రాకర్ అనే రాక్ బ్యాండు ఒక వీడియో తీస్తూ డ్రమ్స్ దగ్గర కూర్చోమని ఆయన్ని పిలిచింది. అప్పటికి 71 ఏళ్ళు. పెద్దాయన కదా, ఈ హోరు పాటకి కలిపి వాయించగలరా అని బ్యాండు గాయకుడికి అనుమానం వచ్చి అడిగాడట. "దీన్ని కనిపెట్టిందే నేను" అన్నాడు పామర్, ఆ వాక్యంలో ఒక బూతు ముక్క కూడా కలిపి.